జనాభా సున్నా, జబ్బు అనంతం

కాలవగట్టుపాలెం సబ్‌సెంటర్ ఏఎన్ఎం సువార్తమ్మకి ఆ పేరు పెట్టిన పాస్టరుగారు, పిల్ల పెద్దయ్యాక ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరం, ఎవరికి వాంతులు, ఎవరికి గజ్జి అని రాసుకునే ఉద్యోగం చేస్తుందని కలలో కూడా అనుకుని ఉండరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడ మోసిన సువార్తలన్నీ కాన్పు వార్తలే. మిగిలినవి పైవాళ్ళకి రాసిన దుర్వార్తలు. పైవాళ్ళు వాటిని చదివారో లేదో తెలియదు గాని, పైపువాళ్ళు మాత్రం రాలేదు.

పైపు సంగతి ముందు చెప్పుకోవాలి. ఊరికి మంచినీళ్ళు తెచ్చే గొట్టం రైసుమిల్లు వెనక మురుగుబోదెలో మునిగి అవతల తేలుతుంది. ఆ మునిగిన చోట జానెడు మేర పగిలింది. మోటారు వేసినప్పుడు గొట్టంలో నీళ్ళు బోదెలోకి పోతాయి. మోటారు ఆపగానే బోదెలో నీళ్ళు గొట్టంలోకి వస్తాయి. ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి గదా. ఆ స్నేహం వల్ల ఎండాకాలం నించీ ఊళ్ళో వాంతులూ విరేచనాలూ. విరేచనాలకి విరామం లేదు.

సువార్తమ్మ నీటి సరఫరా ఆఫీసుకి ఏడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికి జవాబొచ్చింది. 'విరేచనములు మా శాఖ పరిధిలోనికి రావు' అని. పైపు లీకైతే ఎవరికీ పట్టదనీ, ఆ సంగతి పేపరుకి లీకైతేనే పడుతుందనీ ఆవిడకి తెలియక కాదు. ఉద్యోగం చేసుకునే మనిషి. ఇంతవరకూ ఎవరూ పోలేదు. ఎవరూ పోకముందే ఆ పగులు మూయించాలన్నది ఒక్కటే ఆవిడ పట్టుదల. ముఖ్యంగా గనెమ్మగారి కోడలు నూకరత్నం మీద ఆవిడ కన్నుంది. ఇద్దరు పోయాక నిలిచిన కడుపు. ఏడో నెల. తాగేది ఆ నీళ్ళే.

ఇలా ఉండగా జిల్లాలోకి 'ముక్కంటి' వచ్చింది.

ముక్కంటి అంటే కంప్యూటర్లో ఉండే ఒక సాఫ్ట్‌వేరు. ఎక్కడ ఏ అంటురోగం మొదలైనా ఇట్టే పసిగట్టి రాజధానికి చెప్పేస్తుంది. కలెక్టరేటు హాల్లో శిక్షణ పెట్టారు. జిల్లా వ్యాధి నిఘా అధికారి డాక్టర్ మృత్యుంజయరావుగారు మైకు పట్టుకున్నారు. ఆయన మాట్లాడుతుంటే గెజెట్టుకి నోరొచ్చినట్టుంటుంది.

"వ్యాధి అనునది సమాచార లోపము వలన సంభవించు ఒక పరిపాలనా వైఫల్యము. ఇకపై రోగము రోగికి తెలియుటకు పూర్వమే ప్రభుత్వమునకు తెలియును. ఏదేని ఒక గ్రామమున ఒకే దినమున ఒకే లక్షణముతో మూడు కేసులు నమోదైనచో ముక్కంటి మూడవ నేత్రము తెరచును. గ్రామము పటముపై ఎరుపెక్కును. తక్షణమే అంబులెన్సులు, వైద్య బృందములు, పైపులైను సిబ్బంది కదలుదురు. అట్లే కేసుల సంఖ్యను జనాభాచే భాగించగా వెయ్యికి పది మించిననూ ఎరుపెక్కును."

మొదటిది అందరూ రాసుకున్నారు. రెండోది ఎవరూ రాసుకోలేదు. అప్పటికే హాల్లోకి ఉప్మా వచ్చింది.

సువార్తమ్మ ఉప్మా కూడా ముట్టుకోలేదు. ఏడు ఉత్తరాలకి రాని పైపువాళ్ళు మూడు నొక్కులకి వస్తారట. తనకిచ్చిన ట్యాబుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికొచ్చింది.

సోమవారం పొద్దున్న ఊళ్ళో ఐదుగురు పడ్డారు. ఐదుగురినీ ట్యాబులో నమోదు చేసి, పైపువాళ్ళకి దారి చూపించడానికి రైసుమిల్లు దగ్గర నిలబడింది. పది నిమిషాల్లో ఫోను మోగింది. పీహెచ్‌సీ డాక్టరు సత్యప్రమోద్‌గారు. ముప్ఫై ఏళ్ళ కుర్ర డాక్టరు, మంచివాడు. పేరులో ఉన్న సత్యానికీ ప్రమోదానికీ ఉద్యోగంలో చేరిన రోజునించీ పడటం లేదు.

"సువార్తమ్మా, ఏం చేశావమ్మా?"

"ఐదుగురికి విరేచనాలండి. ఐదుగురినీ ఎక్కించేశానండి."

"ఎక్కిస్తే సెలైన్ ఎక్కించాలి గాని, కంప్యూటర్లో ఎక్కిస్తారా తల్లీ? ఊరు ఎర్రబడింది. నాకు ఛార్జిమెమో వచ్చింది."

నిజంగానే వచ్చింది. సువార్తమ్మ ట్యాబులో ఛార్జి అయిపోయేలోపే డాక్టరుకి ఛార్జిమెమో దిగింది. 'మీ పరిధిలో వ్యాధి ప్రబలినందులకు మిమ్ములను ఏల బాధ్యులను చేయరాదో' అరవై నాలుగు గళ్ళ పట్టికలో వివరించమన్నారు. నలభై ఒకటో గడి: 'వ్యాధి ప్రబలుటకు మూడు దినముల ముందు, అది ప్రబలునని తెలియని దశలో, మీరు తీసుకున్న నిర్దిష్ట చర్యలు.'

"మరి పైపువాళ్ళండి?" అంది సువార్తమ్మ.

"ముందు వివరణ. వివరణ తృప్తికరంగా ఉంటే విచారణ. విచారణ తృప్తికరంగా ఉంటే పైపువాళ్ళు. ఈ ఏడాది సర్వీసు కోటాలో నాకు పీజీ సీటు రావాలమ్మా. రికార్డులో ఒక్క ఎర్ర చుక్క ఉంటే సీటు గల్లంతు."

డాక్టరుగారు ఆ ఐదుగురినీ 'మామిడిపండ్లు అతిగా భుజించుట' అనే గడిలోకి మార్చారు. ఊరు పచ్చబడింది. ఐదుగురూ తెల్లబడ్డారు.

ఆ సాయంత్రం పీహెచ్‌సీలో మీటింగు పెట్టి ఆయన కొత్త వైద్య విధానం ప్రకటించారు. "మూడైతే మూడోకన్ను. కాబట్టి ఊరికి రోజుకి రెండు. అంతే. మూడోవాడిని రేపు రమ్మనండి."

తన కోటా సీటు కోసం విరేచనాలకి కోటా పెట్టాడన్నమాట.

కోటా అన్నాక టోకెన్లు తప్పవు. సబ్‌సెంటరు అరుగు మీద పొద్దున్నే జనం. ముక్కంటిలో నమోదైన పేరుకే మందుల ప్యాకెట్లు విడుదలవుతాయి. కనక రోజుకి ఇద్దరికే మందు, ఇద్దరికే జబ్బు. గనెమ్మగారు కడుపు పట్టుకుని వచ్చింది. డెబ్భై రెండేళ్ళావిడ. ఊళ్ళో సగంమంది ఆవిడ నోటికి జడిసి పక్క వీధిలోంచి పోతారు.

"పొద్దున్నించి ఆరుసార్లయ్యిందే నర్సమ్మా."

"ఇయ్యాల్టి రెండూ అయిపోయాయి మామ్మగారూ. మీకు రేపు రాశాను. మొదటి నంబరే."

"ఆ సంగతి నా కడుపుకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనేం చేసేదండీ, పైనించి ఆర్డరు."

"పైనించి ఆర్డరు ఆపొచ్చేమో గాని, కిందనించి ఆగదే తల్లీ. నువ్వు చదూకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"

మూడో రోజుకి వార్డు మెంబరు పుల్లేశు సంతకంతో ఉత్తరం పట్టుకుని ఒకాయనొచ్చాడు. 'ఈ లేఖ తెచ్చువారు చిరకాలముగా మన కార్యకర్త. వీరికి నేటి విరేచనాలలో తగు అవకాశము కల్పించగలరు.' అవతలి పార్టీవాళ్ళు ఊరుకుంటారా. రోజూ ఒకటి మీకైతే ఒకటి మాకు అని పేచీ పెట్టారు. ఏ పార్టీకీ చెందని కడుపులు ఇళ్ళలోనే నొప్పి భరించాయి.

సువార్తమ్మ ఒక అట్ట పుస్తకం తీసింది. ముక్కంటికి ఏ కంటితోనూ కనపడని పుస్తకం. కోటాకి మించినవాళ్ళ పేర్లన్నీ అందులో రాసుకుంది. వాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి, నీళ్ళు మరగబెట్టించి, ఉప్పూ పంచదారా కలిపి దగ్గరుండి తాగించింది. పదో రోజుకి పుస్తకంలో పందొమ్మిది పేర్లు. పందొమ్మిదో పేరు నూకరత్నం.

ఆ పేరు రాసి, సిరా ఆరకముందే ఆవిడ లేచింది. తిన్నగా పీహెచ్‌సీకి వెళ్ళింది.

"డాక్టరుగారండీ, నూకరత్నానికి మొదలయ్యాయండి. ఏడో నెల దాటింది. మన దగ్గరున్న సెలైన్లు నిన్నటితో సరి. ఇంకోటి రావాలంటే ముక్కంటిలో పిల్ల పేరు ఎక్కాలి. ఇవాళ్టి రెండు ఎవరివో తీసేసైనా దీన్ని ఎక్కిద్దామండి. లేదా ఊరు ఎర్రబడనివ్వండి."

డాక్టరుగారికీ మనసుంది, దానికీ ఛార్జిమెమో వచ్చింది. చివరికి ట్యాబు తీసి ఊళ్ళ జాబితా కిందకీ పైకీ జరుపుతూ ఒకచోట ఆగారు.

"వేంపావారి ఖండ్రిక. ఇదెక్కడమ్మా? ఒక్క కేసు కూడా లేదు. రెండు ఖాళీలున్నాయి."

"ఖాళీ రెండు కాదండి, ఊరే ఖాళీయండి. కాలవ అవతల రెండు కిలోమీటర్లు. ఎనభై ఏళ్ళ క్రితం వరదొస్తే అక్కడి జనమంతా లేచొచ్చి మా పాలెంలో ఇళ్ళు కట్టుకున్నారండి. ఇప్పుడక్కడ తాడిచెట్లూ సర్కారు తుమ్మలూ తప్ప ఏమీ లేవండి."

బేచిరాకు గ్రామం అంటారు రెవెన్యూవాళ్ళు. పేరుంటుంది, పొలిమేర రాయి ఉంటుంది, ఊరుండదు. ముక్కంటికి ఊళ్ళ పేర్లు రెవెన్యూ రికార్డుల్లోంచి ఎక్కించారు. రికార్డులో ఉన్నదల్లా ఊరే కదా.

"ఇంకేం," అన్నారు డాక్టరుగారు. ముఖం వికసించింది. "మనుషుల్లేని ఊళ్ళో జబ్బుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. నూకరత్నాన్నీ, ఇంకొకరినీ అక్కడ రాసెయ్. రెండే. మూడొద్దు."

సువార్తమ్మకి నచ్చలేదు. కాని సెలైన్ కావాలి. రాసింది.

ముక్కంటి రెండు కేసులు తీసుకుంది. మూడు కాలేదు కాబట్టి ఊరుకుంది. తర్వాత, ఉప్మా వేళ ఎవరూ రాసుకోని ఆ రెండో సూత్రం ప్రకారం, కేసుల్ని జనాభాతో భాగించింది. కేసులు రెండు. జనాభా సున్నా. చిన్నప్పుడు లెక్కల మాస్టారు సున్నాతో భాగించకూడదని బెత్తంతో చెప్పి ఉంటే కంప్యూటరు కూడా జాగ్రత్తపడేది. దానికి మాస్టారూ లేడు, బెత్తమూ లేదు. భాగించేసింది.

రాజధానిలో గోడంత తెర మీద ఎర్రటి దీపం వెలిగింది. పక్కన అక్షరాలు: 'వేంపావారి ఖండ్రిక. వ్యాధి తీవ్రత: అనంతం.'

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో వెయ్యికి యాభై చూసినవాళ్ళున్నారు, వంద చూసినవాళ్ళున్నారు. అనంతాన్ని చూసినవాడు లేడు. పావుగంటలో పెద్దల ప్రకటన వెలువడింది. ఖండ్రిక ప్రజలు ధైర్యంగా ఉండాలని, ప్రభుత్వం వారికి అండగా ఉందని. మృత్యుంజయరావుగారికి ఖండ్రికలో మనుషుల్లేరన్న కబురు అందేసరికి ఆ ప్రకటన టీవీలో మూడోసారి వస్తోంది. అండగా ఉంటామన్నాక ప్రజలు లేరని చెప్పడం ఎలా?

ఆయన వీడియో కాన్ఫరెన్సులో నిలబడి, ఒక్క అబద్ధమైనా ఆడకుండా నివేదించారు. "సర్, పరిస్థితి పూర్తిగా అదుపులో ఉన్నది. గ్రామస్థుల నుండి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. భయాందోళనలు శూన్యము. నేటివరకు మరణాలు శూన్యము. వైద్యమును నిరాకరించినవారు శూన్యము."

"ఎక్సలెంట్," అంది తెర.

మర్నాటికి ఖండ్రికలో తుమ్మలు కొట్టి రోడ్డు వేశారు. ముప్ఫై మంచాల డేరా, ఐదుగురు స్పెషలిస్టులు, నాలుగు అంబులెన్సులు, గుట్టలుగా సెలైన్ పెట్టెలు. ఆటోకి మైకు కట్టి 'అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి' అని తాడిచెట్లకి చెప్పుకుంటూ తిరిగారు. తాడిచెట్లు తలూపాయి. పిచికారీవాళ్ళు ఎవరి గుమ్మం ముందు బ్లీచింగ్ చల్లాలో తెలియక పొలిమేర రాయి చుట్టూ మూడుసార్లు చల్లారు. దండం పెట్టుకున్నట్టే ఉంది చూసేవాళ్ళకి.

సువార్తమ్మని డిప్యుటేషన్ మీద అక్కడికి వేశారు. ఆవిడ మృత్యుంజయరావుగారి దగ్గరికి వెళ్ళి అట్ట పుస్తకం చూపించింది.

"అయ్యా, జబ్బు పాలెంలో ఉందండి. పందొమ్మండుగురు. ఒకామె గర్భిణీ మనిషి. ఒక్క అంబులెన్సు అటు పంపించండి."

ఆయన ట్యాబులో పటం చూపించారు. "చూడమ్మా, మీ పాలెం పచ్చగా ఉన్నది. పచ్చని గ్రామమునకు అంబులెన్సు పంపినచో ఆ గ్రామమును అవమానించినట్లగును."

"పాలెం పచ్చగా లేదండి, మనుషులు పచ్చబడ్డారండి."

"భావోద్వేగములకు పట్టికలో గడి లేదమ్మా."

సువార్తమ్మ అట్ట పుస్తకం మూసింది. ఆ పొద్దున్నే తమ పీహెచ్‌సీకి వచ్చిన సెలైన్లు రెండూ పట్టుకుని నూకరత్నం ఇంటికి పోయింది. ఒకటి నూకరత్నానికి పెట్టింది. రెండోది పదహారో పేరాయనకి పెట్టింది. ఇంక లేవు. నూకరత్నం పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "బిడ్డ కదులుతోందమ్మా, పొద్దున్నించి కొంచెం తక్కువగా," అంది. గనెమ్మగారు గోడకానుకుని కూచుంది. ఆవిడ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆ నోరు మూతపడటం సువార్తమ్మ చూడటం అదే మొదటిసారి.

అప్పుడే ఫోను మోగింది. సత్యప్రమోద్‌గారు.

"సువార్తమ్మా, కొంప మునిగింది. మధ్యాహ్నం రెండింటికి రాజధాని నించి బృందం వస్తోంది, డేరా చూడటానికి. మృత్యుంజయరావుగారికి చెమటలు పడుతున్నాయి. ముప్ఫై మంచాలున్నాయి, ఒక్క రోగి లేడు. రోగుల కొరత తీవ్రంగా ఉంది. ఎక్కడైనా దొరుకుతారా?"

సువార్తమ్మ నూకరత్నం వైపు చూసింది. అట్ట పుస్తకం వైపు చూసింది.

"ఎంతమంది కావాలండి?"

"ఎంతమందున్నా సరే."

"పందొమ్మండుగురు పక్కాగా ఉన్నారండి. ఇప్పుడే దింపుతానండి. కాని నాలుగు అంబులెన్సులూ ఇటు రావాలి. మొదటిది గనెమ్మగారి గుమ్మంలోకి రావాలి."

అరగంటలో నూకరత్నం ఖండ్రిక డేరాలో ఉంది. ఐదుగురు స్పెషలిస్టులు వచ్చిందగ్గర్నించీ చెట్లని చూసి చూసి ఉన్నారేమో, మనిషి కనపడగానే మీద పడ్డారు. రెండు చేతులకీ సెలైన్. పొట్ట మీద గొట్టం పెట్టి విన్న లేడీ డాక్టరు ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, "గుండె బాగానే కొట్టుకుంటోంది. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని," అంది. సువార్తమ్మ డేరా వెనక్కి వెళ్ళి కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది.

రెండింటికి బృందం వచ్చింది. వచ్చిన పెద్దమనిషి గనెమ్మగారి మంచం దగ్గర ఆగాడు. "ఏ ఊరమ్మా మనది?"

మృత్యుంజయరావుగారు గబగబా మంచానికి అడ్డం రాబోయారు.

"ఈ ఊరే నాయనా," అంది గనెమ్మగారు, సువార్తమ్మ నేర్పినట్టే. నోరు తిరిగొచ్చింది. "మా అత్తగారు ఇక్కడే కాపరానికొచ్చింది. వరదొచ్చి ఎనభై ఏళ్ళయింది. ఎవడన్నా చూడ్డానికొస్తాడేమోనని అప్పట్నించీ చూస్తన్నాం. ఇప్పటికొచ్చారు మీరు."

పెద్దమనిషి కదిలిపోయాడు. "ఈ గ్రామానికి నలభై ఎనిమిది గంటల్లో రక్షిత మంచినీరు ఇవ్వాలి," అని అక్కడికక్కడే ఆదేశించాడు.

నీటి సరఫరా ఏఈ బాపినీడు పైపులు దింపాడు. ఏడు ఉత్తరాలు అందుకున్న బాపినీడే. పాలెం గొట్టానికి అతుకు వేసి కాలవ మీదుగా ఖండ్రికకి లైను లాగాడు. మోటారు వేశాడు. కుళాయి ఒకసారి దగ్గింది, ఊరుకుంది. నలభై ఎనిమిది గంటల్లో నలభై అయిపోయాయి.

"ప్రెషర్ ఏమైపోతోందో అర్థం కావట్లేదు," అని తల పట్టుకున్నాడు.

"బాపినీడుగారూ," అంది సువార్తమ్మ, "రైసుమిల్లు వెనక బోదెలో జానెడు పగులుందండి. నీళ్ళన్నీ అక్కడే పోతున్నాయండి."

"నాకు తెలుసమ్మా. అది పాలెం లీకు. పాలెం పచ్చగా ఉంది. దానికి నాకు ఆర్డరు లేదు."

"పాలెం కోసం వద్దండి. పాలెంవాళ్ళు ఎలాగోలా తాగుతున్నారు. ఖండ్రిక ప్రెషర్ కోసం మూయండి. ఫైల్లో అలాగే రాసుకోండి. మళ్ళీ పగిలితే మీకే చెడ్డపేరు, ఆ బోదెలోంచి గొట్టం పైకి లేపేస్తే ఇంకా మంచిది."

బాపినీడు ఆవిడ వైపు గౌరవంగా చూశాడు. ఫైలు భాష మాట్లాడే నర్సుని ఆయన అంతవరకూ చూడలేదు. 'ఖండ్రిక ప్రజల విస్తృత ప్రయోజనముల దృష్ట్యా' పగిలిన ముక్క తీసేసి, గొట్టాన్ని బోదె మీదుగా లేపి సిమెంటు దిమ్మెల మీద కూచోబెట్టాడు. పూటలో పని. ఏడు ఉత్తరాల మాట. పాలెం కుళాయిల్లో ఒక రోజంతా బురద, మర్నాడు క్లోరిన్ వాసన, ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. పదిహేను రోజులకి అట్ట పుస్తకంలో కొత్త పేరు లేదు.

ఖండ్రికలో 'అనంతమైన' అంటువ్యాధిని సున్నాకి దించినందుకు జిల్లాలో సన్మానసభ జరిగింది. అనంతాన్ని అంతం చేసిన తొలి అధికారిగా మృత్యుంజయరావుగారికి శాలువా. సత్యప్రమోద్‌గారికి పీజీ సీటు. సువార్తమ్మకి ప్రశంసాపత్రం, దానితోపాటు ఒక కవరు. ఆవిడ కవరు విప్పి, చదివి, మళ్ళీ చదివింది.

'అత్యంత ప్రమాదకర గ్రామమైన వేంపావారి ఖండ్రికకు శాశ్వత ప్రాతిపదికన ఏఎన్ఎంగా మిమ్ములను బదిలీ చేయడమైనది. కాలవగట్టుపాలెం నిరంతరము పచ్చగా నుండుటచే అచటి పోస్టు రద్దు చేయడమైనది.'

"అయ్యా, ఖండ్రికలో జనాభా సున్నా అండి," అంది మృత్యుంజయరావుగారితో.

"అది సరిదిద్దుటకు మాకును అధికారము లేదమ్మా. జనాభా అంకె మారవలెనన్న రెండే మార్గములు. ఒకటి జనగణన. రెండు, ఆ గ్రామమున జననము నమోదగుట. అంతవరకు సున్నాయే."

సువార్తమ్మ చేరింది. కొత్త రోడ్డు, కొత్త ట్యాంకు, కొత్త రేకుల గది. పొద్దున పదినించి సాయంత్రం ఐదుదాకా తాడిచెట్లకి వైద్యం. పాలెంవాళ్ళు జబ్బు చేస్తే రెండు కిలోమీటర్లు నడిచి ఆవిడ దగ్గరికే వస్తున్నారు. పోస్టు పోయిందిగాని నర్సమ్మ పోలేదన్నది గనెమ్మగారు. వచ్చినవాళ్ళందరికీ మందిస్తూ సువార్తమ్మ ట్యాబు జోలికి పోలేదు. ఎందుకు పోలేదో ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళ తర్వాత చేతికొచ్చిన ఆయుధం. గజ్జికీ జలుబుకీ వాడదలుచుకోలేదు.

రెండు నెలలకి ఒక మధ్యాహ్నం గనెమ్మగారు ఆయాసపడుతూ ఆటోలోంచి దిగింది. లోపల నూకరత్నం పళ్ళు బిగపట్టుకుని ఉంది.

"నొప్పులే నర్సమ్మా. అంబులెన్సుకి ఫోన్ చేస్తే పాలెం పచ్చగా ఉంది, వరసలో ఉండండి, సాయంత్రం చూస్తాం అంటన్నాడు. బిడ్డ అడ్డంగా ఉందని మొన్న నువ్వేగా చెప్పావు."

సువార్తమ్మ నూకరత్నాన్ని రేకుల గదిలో పడుకోబెట్టి చెయ్యి వేసి చూసింది. ఆస్పత్రికి పోవాల్సిన కాన్పే. నొప్పికి నూకరత్నం ఒకసారి వాంతి చేసుకుంది.

"దేవుడా, స్తోత్రం," అంది సువార్తమ్మ. బొత్తిగా అబద్ధం ఆడక్కర్లేదు. ట్యాబు తీసింది. గ్రామం: వేంపావారి ఖండ్రిక. లక్షణం: వాంతి. సంఖ్య: ఒకటి. నొక్కింది.

ముక్కంటి ఒకటిని సున్నాతో భాగించింది.

పద్దెనిమిది నిమిషాల్లో మొదటి అంబులెన్సు వచ్చింది. వెనకే రెండు. ఇరవై ఐదో నిమిషానికి స్పెషలిస్టుల వ్యాను, దాని వెనక బాపినీడు జీపు, జీపు వెనక బ్లీచింగ్ ట్రాక్టరు. రోడ్డంతా సైరన్లు. లేడీ డాక్టరు దిగి నూకరత్నాన్ని గుర్తుపట్టింది. పక్కనే కూచుని, పొట్ట మీద చేతులతో అడ్డంగా ఉన్న బిడ్డని సగం తిప్పింది. బండి ఎక్కించారు. సువార్తమ్మ కూడా ఎక్కింది. బండి కదిలి నాలుగు గజాలు పోయిందో లేదో లేడీ డాక్టరు కేకేసింది. "ఆపండి. బిడ్డ తిరిగింది, ఇంక ఆగేలా లేదు. ఇక్కడే కాన్పు చేసేద్దాం."

డ్రైవరు బ్రేకు మీద కాలేశాడు.

"ఇక్కడొద్దు నాయనా," అంది సువార్తమ్మ, కిటికీలోంచి ముందుకి వంగి. "అదిగో, ఆ పొలిమేర రాయి దాటించు. రెండొందల గజాలు. నూకరత్నం, నా తల్లివి, ఒక్క నిమిషం ఓర్చుకో."

"ఏమిటమ్మా ఈ పట్టింపు, ముహూర్తమా?" అంది డాక్టరు.

బండి కదిలింది. రాయి దాటింది. దాటిన మరుక్షణం లోపలినించి సన్నటి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. వెనక ఆటోలో వస్తున్న గనెమ్మగారు తలెత్తి, "ఏ ఊళ్ళో పుట్టిందే నర్సమ్మా?" అని అరిచింది.

"పాలెంలో మామ్మగారూ, పాలెంలోనే," అంది సువార్తమ్మ, ట్యాబులో ఆ పేరే నమోదు చేస్తూ. తర్వాత బిడ్డని తుడుస్తూ డాక్టరుకి మెల్లిగా చెప్పింది.

"ఖండ్రికలో పుడితే జనాభా ఒకటైపోదూ? ఒకటైతే అనంతం పోయి ఉత్త ఎరుపు మిగుల్తుంది. ఉత్త ఎరుపుకి మెమోలొస్తాయి గాని మనుషులెవరొస్తారండి?"